ల వత్తు కోసం కడపకి

మా అవ్వ పాడిన దంపుళ్ళ పాటల్ని సీసపు అక్షరాలతో చేత్తో పేర్చి 100 ప్రతులు వేయాలని కర్నూలులో మా ఇంటి వెనక షెడ్డులో పని మొదలుపెట్టాను. ఉన్నది ఒక ట్రెడిల్ అచ్చుయంత్రం, నాలుగు పేజీలకి సరిపడే 18 పాయింట్ల టైపు. నాలుగు పేజీలు అచ్చయ్యాక టైపు విప్పి, అక్షరానికో గడి ఉన్న కేసుల్లో ఎక్కడిదక్కడ వేసుకుని, మళ్ళీ నాలుగు పేర్చుకోవాలి. తొమ్మిదో పేజీలో చెయ్యి ఆగిపోయింది. ల వత్తులు చాలలేదు. తల్లి, చెల్లెలు, మల్లె, పల్లె, చల్ల... ఆ పాటల్లో లైనుకొకటైనా ఉంటుంది. మాట మార్చి పేర్చుకుందామంటే అది అవ్వ పాట కాదు.

కడపలో ఒక పాత ప్రెస్సు మూసేస్తున్నారని తెలిసి తెల్లవారుజామునే బస్సెక్కాను. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు దాటేదాకా ఒకటే టెన్షన్, ఈలోపు టైపంతా తూకానికి వెళ్ళిపోయిందేమోనని. ఒళ్ళో రేకు డబ్బా, అందులో అక్షరాలు పేర్చుకునే కంపోజింగ్ స్టిక్కు, నమూనాకి మా అక్షరాలు నాలుగు. దిగి ఎర్రకారం దోశ తిని నేరుగా అక్కడికే వెళ్ళాను.

శుభలేఖలు, బిల్లు పుస్తకాలు వేసిన ప్రెస్సు. లోపల పెద్దాయన ఒక్కరే ఉన్నారు, నలభై ఏళ్ళు కంపోజింగ్ చేసిన మనిషి.

"యాడ నుంచి వచ్చినావు నాయనా?"

"కర్నూలు నుంచి, పెద్దాయనా. 18 పాయింట్ల ల వత్తులు కావాలి."

ఇంత దూరం ఇందుకేనా అని అడగలేదు. కళ్ళజోడు పెట్టుకుని, వెతుక్కోకుండా ఒక కేసు లాగి బల్ల మీద పెట్టారు.

ఆ బల్ల చూసి నాకు మాట రాలేదు. పేర్చిన పేజీలని చేజు అనే ఇనుప చట్రంలో బిగించే ఆ బల్ల పైభాగమంతా నల్లటి కడప బండ. ఏళ్ళ తరబడి టైపు జరిగీ జరిగీ అద్దంలా నున్నబడింది. ఈ బల్లని ఇనుముతో చేసినా ఇంగ్లీషులో స్టోన్ అనే అంటారు. మా షెడ్డులోది ఇనుపరేకు, మధ్యలో కాస్త వంగింది. బల్ల సమంగా లేకపోతే ఒక అక్షరం లేచి కాగితాన్ని పొడుస్తుంది, పక్కది అంటీ అంటనట్టు పడుతుంది. వీలైతే ఆ బండని ఎత్తుకొచ్చేవాణ్ణి.

టైపు నిలువెత్తు 0.918 అంగుళం. వెంట్రుకవాసి తగ్గినా ఇంకు సరిగా అందదు. మా ల పక్కన వాళ్ళ వత్తు నిలబెట్టి గోటితో రాసి చూశాను. ఎక్కడా తగల్లేదు. అయినా పెద్దాయన ఒక్కోటీ వెలుతురుకి పెట్టి, అరిగినవి పక్కన పడేశారు.

"వత్తు తోక సన్నగా ఉంటాది. బిగించేటప్పుడు అదే ముందు పోతాది. మెల్లగా బిగించు."

ఏం పుస్తకమని అడిగారు. దంపుళ్ళ పాటలన్నాను. ఆయన చెయ్యి పక్క గడిలోకి వెళ్ళింది.

"పేరులోనే ళ వత్తు ఉండాది. చూసుకున్నావా?"

చూసుకోలేదు. పేరు పేజీ చివర్లో చేద్దామని వదిలేశాను. పదకొండు ళ వత్తులు విడిగా పొట్లం కట్టి ఇచ్చారు. ఓనరు వచ్చి అన్నీ కలిపి సీసం ధరకే తూచారు. మిగతా కేసులు వారంలో కరిగించేవాళ్ళ దగ్గరికి వెళ్తాయట. నా దగ్గరున్న డబ్బుకి ఇంకో రెండు కేసులొచ్చాయి.

బస్సుకి టైముందని ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్ళాను. 1820లో కడపకి వచ్చిన బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టి, తాళపత్రాల్లోని కావ్యాలకి శుద్ధప్రతులు రాయించాడు. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసులో అచ్చయింది. చిన్నప్పుడు అది బ్రౌన్ గొప్పతనమనే అనుకున్నాను. ఆ రోజు మాత్రం నల్లబడిన వేళ్ళతో అక్కడ నిలబడి, అన్ని వేల మాటల్ని వత్తు వత్తునా ఏరి పేర్చిన కంపోజిటర్ల గురించే ఆలోచించాను. వాళ్ళకీ ఏదో ఒక పేజీలో ల వత్తులు అయిపోయే ఉంటాయి.

ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు. స్నానం కూడా చేయకుండా తొమ్మిదో పేజీ పూర్తిచేసి, మెల్లగా బిగించి, ప్రూఫు తీశాను. మూడో లైనులో 'చల్ల' దగ్గర వత్తు లేతగా పడింది. దాని వెనక పలచటి కాగితం ముక్క అంటించి మళ్ళీ తీశాను. ఈసారి నల్లగా పడింది.