ఇంటి నుంచి ఆఫీసు కంప్యూటర్, బ్యాంకులో నా పరువు

నిన్న సాయంత్రమే నా నెట్ బ్యాంకింగ్‌ను మళ్లీ తెరిచారు. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

అనంతపురం గడియార స్తంభం దగ్గర రెండో అంతస్తులో నా ఆఫీసు. చిన్న వ్యాపారుల లెక్కలు రాస్తాను. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ అంతా అక్కడి కంప్యూటర్‌లోనే. కాలు బెణికి మెట్లెక్కలేకపోయాను. ఇరవయ్యో తేదీ దగ్గర పడింది. జీఎస్టీ 3బీ అనే నెలవారీ రిటర్ను గడువు దాటిపోతే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము. 2017లో జీఎస్టీ వచ్చింది మొదలు నా చేతి మీదుగా వెళ్లిన ఒక్క రిటర్నుకూ ఆ రుసుము పడలేదు, కావాలంటే పుస్తకాలు చూసుకోవచ్చు.

దూరం నుంచే కంప్యూటర్ నడపడానికి విండోస్‌లో ఉండే రిమోట్ డెస్క్‌టాప్ వాడదామంటే మాది హోమ్ ఎడిషన్. బయటివారిని లోపలికి రానిచ్చే వసతి ప్రో లాంటి ఎడిషన్లలోనే ఉంటుంది. విడిగా ఒక సాఫ్ట్‌వేర్ వేయించాను. సహాయకుడు చెప్పిన నంబరు, పాస్‌వర్డ్ కొట్టగానే ఆఫీసు తెర ఇంటి ల్యాప్‌టాప్‌లో కనిపించింది. మొదటి రాత్రి అక్కడి కంప్యూటర్ నిద్రపోయింది, స్లీప్ తీసేయించాను. అంతే.

ఒకరోజు ల్యాప్‌టాప్‌ను మా అమ్మాయి కాలేజీకి తీసుకెళ్లింది. అదే యాప్‌ను ఫోనులో వేసుకున్నాను. మధ్యాహ్నానికి బ్యాంకు యాప్ తెరుచుకోవడం మానేసింది. ఆటోలో కుంటుతూ బ్రాంచికి వెళ్లాను.

కౌంటరులోని కుర్రవాడు నా ఫోను చూసి, హాలంతా వినిపించేలా, "అమ్మా, ఇది ఎవరు వేయించారు? ఫోన్ చేసి అడిగారా? భయపడకండి, ఎంత పోయిందో చెప్పండి" అన్నాడు. ఏమీ పోలేదు, నేనే వేసుకున్నాను అన్నాను. "అందరూ మొదట అలాగే అంటారమ్మా!" వరుసలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఒక పెద్దాయన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని సలహా ఇచ్చాడు. నా ఫోను నుంచి ఆఫీసును చూడటం వేరు, నా ఫోనును ఇంకొకరు చూడటం వేరు అని వివరించబోయాను. అతను నా ముందే నెట్ బ్యాంకింగ్ ఆపేసి, దరఖాస్తు రాయమన్నాడు. రెండు రోజులు!

అతని భయానికి కారణం ఉంది, కాదనను. 2019 ఫిబ్రవరిలోనే ఇలాంటి యాప్‌ల మోసాల గురించి రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. మోసగాడికి ఆ యాప్‌లో కనిపించే నంబరు చెప్పి, అనుమతి నొక్కితే ఓటీపీతో సహా మన తెరంతా అతనికి కనిపిస్తుంది. కానీ గొంతు తగ్గించి అడగడానికి ఏ నిబంధన అడ్డొచ్చింది? బ్యాంకు యాప్ ఉన్న ఫోనులో మాత్రం వీటిని పెట్టకండి. కంప్యూటర్‌కు పొడవైన పాస్‌వర్డ్ పెట్టండి, మీ సహాయకుడికి కూడా చెప్పకండి.

ఆ వరుసలో నా దగ్గర లెక్కలు రాయించుకునే బట్టల వ్యాపారి ఉన్నాడని నాకు తెలియదు. మర్నాడు ఆఫీసుకే వచ్చి, అక్కడి నుంచి ఫోన్ చేశాడు. "మేడమ్, మా లెక్కలు భద్రమేనా?"

కంప్యూటర్ ముందు కూర్చోమన్నాను. ఇంటి నుంచి ట్యాలీ తెరిచి, అతని ఖాతాను పైనుంచి కిందికి చూపించాను. కాసేపు మాట లేదు.

"మేడమ్, మౌస్ దానంతటదే కదులుతోంది. మీ ఆఫీసు అబ్బాయిని పిలవమంటారా?"