ఎంత లిఫ్ట్ కావాలో దుకాణంవాడు చెప్పలేదు

స్కూబా కోర్సు అయింది, డాక్టరు కాగితం వచ్చింది, డబ్బులూ సర్దుకున్నాయి. నీళ్లలో మనిషిని పైకీ కిందకీ పోకుండా నిలబెట్టే గాలి జాకెట్ ఒకటి కొనుక్కోవాలి, అంతే. దాన్ని బి.సి.డి. అంటారు. మొన్న ఆ దుకాణంలో జరిగింది ఇంకా మనసులోంచి పోలేదు.

"లిఫ్ట్ ఎంత ఎక్కువుంటే అంత సేఫ్ అండీ" అంటూ 22 కిలోల లిఫ్ట్ జాకెట్ చేతిలో పెట్టాడు. జాకెట్ నీళ్లలో ఎంత బరువుని తేల్చగలదో అదే లిఫ్ట్. అంత ఎందుకని అడిగితే, "మీరెప్పుడైనా సముద్రంలో దిగారా?" అన్నాడు, నలుగురి ముందు. ఉప్పాడ ఒడ్డున పుట్టినవాణ్ణి! వలకి పైన ఎన్ని బెండ్లు, కింద ఎన్ని సీసం గుళ్లు కట్టాలో చిన్నపిల్లలకీ తెలిసిన ఊరు మాది. ఇదీ ఆ లెక్కే.

11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో గాలి ఒత్తిడి 200 బార్ నుంచి 50 బార్‌కి వచ్చేసరికి దాదాపు 2 కిలోల గాలి ఖర్చవుతుంది. చివర్లో తేలిపోకుండా ఆ 2 కిలోల సీసం ముందే కట్టుకుంటాం కాబట్టి, దిగేటప్పుడు అంత బరువు ఎక్కువే ఉంటాం. 3 మి.మీ. వెట్‌సూట్ (ఒంటికి బిగువుగా తొడిగే రబ్బరు డ్రస్సు) లోతుకి పోతే నొక్కుకుపోయి ఇంకో కిలో, రెండు కిలోల తేలుడు పోగొడుతుంది. ఇవి మోసి, పైకొచ్చాక తల నీళ్లపైన ఉంచడానికి మన వెచ్చటి సముద్రంలో 12–14 కిలోలు చాలు. సీసం ఎక్కువ కట్టుకునేవాడికే జాకెట్‌లో పెద్ద గాలి సంచి కావాలి. సగం నిండిన పెద్ద సంచిలో గాలి ఒక పక్కకి దొర్లి, మనిషిని పక్కకి వాలుస్తుంది.

సీసం సరిచూసుకోడానికి 50 బార్ సిలిండర్‌తో, జాకెట్ ఖాళీ చేసి, మామూలు ఊపిరి బిగబట్టి నిటారుగా ఉండండి. నీళ్లు కళ్ల దగ్గర నిలవాలి, ఊపిరి వదిలితే మునగాలి. స్విమ్మింగ్ పూల్‌లో కుదిరిన బరువు రుషికొండలో చాలదు. ఒళ్లూ సామానూ కలిసి 100 కిలోలైతే ఉప్పునీటికి ఇంకో 2.5 కిలోలు కలపాలి.

కొనేముందు వెట్‌సూట్ మీదే తొడిగి, ఇన్‌ఫ్లేటర్ (జాకెట్‌లోకి గాలి నింపే, వదిలే గొట్టం పిడి) మీద గాలి వదిలే బటన్ నొక్కి నోటితో బిగువుగా ఊదండి. వద్దంటాడు, వినొద్దు. నిండా ఊపిరి తీసుకున్నా పక్కటెముకలు నొక్కుకోకూడదు. భుజం దగ్గరిదీ, వెనక అడుగునున్నదీ, గాలి వదిలే తాళ్లు రెండూ చూడకుండానే చేతికందాలి. ఊదిన జాకెట్ అరగంటకి మెత్తబడితే కొనకండి. వాల్వులు బకెట్‌లో ముంచితే బుడగలు ఎక్కడివో తెలిసిపోతుంది.

సెకండ్‌హ్యాండ్ అయితే ఇన్‌ఫ్లేటర్ మీద తెల్లటి ఉప్పు పొర ఉందేమో గోటితో గీకి చూడండి. లోపల ఉప్పు పేరుకుంటే బటన్ ఇరుక్కుని గాలి దానంతటదే నిండుతూ పోతుంది. లోతు నుంచి ఒక్కసారిగా పైకి లాక్కొస్తుంది, ఊపిరితిత్తులు చిట్లొచ్చు. అలా అయితే వెంటనే సిలిండర్ నుంచి ఇన్‌ఫ్లేటర్‌కి వచ్చే గొట్టం ఊడబీకి, జాకెట్‌లో గాలి వదలాలి.

అందుకే డైవ్ అయ్యాక జాకెట్‌లో మూడోవంతు మంచినీళ్లు పోసి, బాగా కుదిపి, ఇన్‌ఫ్లేటర్ గొట్టంలోంచి వంపెయ్యాలి. తీరం వెంట చాలాచోట్ల బోరు నీళ్లే ఉప్పన, వాటితో కడిగితే కడగనట్టే. మినరల్ వాటర్ టిన్నుకి ఇరవై రూపాయలు పోతే పోయాయి. తర్వాత కొంచెం గాలి ఊది, నీడన వేలాడదీయండి.