నాన్న మౌస్, నా బంతి

పర్లాకిమిడిలో మాది డీటీపీ షాపు. 1936లో మద్రాసు నుంచి విడదీసి ఊరిని ఒరిస్సాలో కలిపారు గానీ, పెళ్లి కార్డులు ఇప్పటికీ ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు. పగలు కంప్యూటర్ ముందు నేను, సాయంత్రం నాన్న. మణికట్టు నొప్పి పట్టుకున్నాక నేను ట్రాక్‌బాల్ కొన్నాను, మౌస్‌లా జరపక్కర్లేదు, దానిలో ఉన్న బంతిని బొటనవేలితో తిప్పితే చాలు. నాన్న మౌస్ వదల్లేదు. రెండూ ఒకే కంప్యూటర్‌కి తగిలించాం.

నాన్న పని ఫొటోలో పెళ్లికూతురి జడ అంచు వెంబడి గీసి వెనకున్నదంతా తీసెయ్యడం. చెయ్యి అంగుళం జరిగితే బాణం ఎప్పుడూ అంతే దూరం వెళ్లాలి, నిదానంగా జరిపినా విసురుగా జరిపినా. నా బంతికి అది కుదరదు. బొటనవేలు ఒక్కసారి తిప్పేది ఎంతని? మెల్లగా తిప్పితే వెంట్రుకవాసి కదలాలి, విసిరితే తెర ఆ చివరికి పోవాలి. అంటే యాక్సిలరేషన్ ఉండాలి.

విండోస్‌లో దానికున్నది ఒక్క టిక్కు: ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్. పేరు చూస్తే గురి పెంచేదనుకుంటాం, చేసేది వేగాన్ని బట్టి దూరం పెంచడం. పైగా ఆ టిక్కు తగిలించిన మౌస్‌లన్నిటికీ ఒకటే. అది పెడితే సాయంత్రం నాన్న, "ఏట్రా, బాణం ఇలా ఉరుకుతాది?" తీసేస్తే పొద్దున్న నేను తెర దాటడానికి నాలుగుసార్లు బంతి దొర్లించాలి. వేగం పట్టీలో 11 మెట్లున్నాయి, మామూలుగా ఉండేది 6వది. అన్నీ తిప్పి చూశాను. అది ఇద్దరికీ కలిపి పెంచుతుంది, ఇద్దరికీ కలిపి తగ్గిస్తుంది.

2025 అక్టోబరులో విండోస్ 10కి సపోర్టు ఆగింది. మా పాత మిషన్ విండోస్ 11కి పనికిరాదు. విండోస్ బదులు లినక్స్ మింట్ వేసి, కార్డులు ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాను. అక్కడ ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో ఎక్స్‌ఇన్‌పుట్ అని కొడితే మౌస్‌కి ఒక నంబరు, బంతికి ఒక నంబరు విడివిడిగా కనబడ్డాయి! మౌస్‌కి ఫ్లాట్, అంటే ఎప్పుడూ ఒకే లెక్క; బంతికి అడాప్టివ్, అంటే వేగాన్ని బట్టి దూరం పెట్టాను. వేగం మైనస్ 1 నుంచి 1 దాకా ఇవ్వొచ్చు. మౌస్‌కి 0 ఉంచి, బంతికి 0.4 దగ్గర ఆగాను.

మర్నాడు కంప్యూటర్ తెరిస్తే అన్నీ పోయాయి. మళ్లీ కొట్టాను. బంతి వైరు వేరే పోర్టులో పెడితే నంబరే మారిపోయింది. ఇలా కాదని, నంబరుతో పని లేకుండా పేరుతో గుర్తుపట్టేలా సిస్టమ్ ఫోల్డరులో ఒక ఫైలు రాశాను. చివర ఎండ్‌సెక్షన్ అన్న ముక్క మరిచిపోయాను. రీస్టార్ట్ చేస్తే నల్ల తెర. బయట పాతపట్నం నుంచి వచ్చినాయన ప్రూఫు కోసం కూర్చున్నాడు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 నొక్కితే అక్షరాల తెర వచ్చింది. ఫైలు తీసేసి ముందు ఆయన్ని పంపించాను. రాత్రి మళ్లీ సరిగ్గా రాశాను.

నెల తిరక్కుండానే బంతి ఆగి ఆగి నడవడం మొదలెట్టింది. ఫైలంతా వెతికాను, తప్పు దొరకలేదు. నాన్నే బంతిని బయటికి తీసి చూశారు. లోపల అది దొర్లే మూడు చిన్న పూసల మీద దుమ్ము ముద్దకట్టుంది.