రాత్రి పది గంటల బస్సు

నేను సిమెంటు ఫ్యాక్టరీలో మెకానికల్ మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌ని. హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సున్నపురాయి నేలల మీద వెలసిన చాలా ఫ్యాక్టరీల్లాగే మాదీ మూడు షిఫ్టుల పని: ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10. భద్రత అనగానే అందరూ హెల్మెట్, బూట్లు, నడుముకు కట్టుకునే బెల్టు గురించి మాట్లాడతారు. అవన్నీ కావాలి. అయినా ఈ ఉద్యోగంలో నన్ను ఎక్కువగా భయపెట్టేది షిఫ్ట్ మారే పావుగంట. సగంలో ఉన్న పని ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారేది అప్పుడే.

మా దగ్గర జరిగినది చెబుతాను. దుమ్మును వడకట్టే బ్యాగ్ హౌస్ కింద స్క్రూ కన్వేయర్ ఉంటుంది. పొడవాటి తొట్టిలో మర తిరుగుతూ పైనుంచి పడే దుమ్మును ముందుకు తోస్తుంది. దాని మధ్యలో మరను మోసే హ్యాంగర్ బేరింగ్ అరిగిపోవడంతో మధ్యాహ్నం షిఫ్టువాళ్లు మూత విప్పారు. యంత్రం ఎలాగూ ఆగింది కదా అని ఎలక్ట్రీషియన్లు అదే సమయంలో దాని మోటారు కేబుల్ పని పెట్టుకున్నారు. ఒకే యంత్రం మీద రెండు విభాగాలు, రెండు పర్మిట్లు (పని చేయడానికి రాసిచ్చే అనుమతి కాగితాలు). ఒకటి ఎలక్ట్రికల్ ఫైల్లో, రెండోది మా ఆఫీసులో గోడకు.

ఎలక్ట్రీషియన్ల పని ముందే అయిపోయింది. మూత తెరిచి ఉంది కాబట్టి నడిపి చూసే వీలు లేదు. అయినా యంత్రం నడపొద్దని కట్టిన తమ ట్యాగ్ తీసేసి, లాగ్ బుక్‌లో ‘మోటారు పని పూర్తి’ అని రాసి, పది గంటల బస్సెక్కారు. స్టోర్స్ నుంచి మాకు బేరింగ్ వచ్చేసరికి ఆలస్యమైంది. పని సగంలో వదిలిపెట్టడం ఇష్టంలేక మా పెద్ద ఫిట్టర్ ఆగిపోయాడు. అతనికి తోడు ఒడిశా నుంచి వచ్చిన కాంట్రాక్ట్ హెల్పర్ తొట్టిలో మోచేతుల దాకా చేతులు పెట్టి, గడ్డకట్టిన పొడిని గీకుతున్నాడు. పది దాటాక కంట్రోల్ రూములో కొత్త షిఫ్టు ఆపరేటర్ లాగ్ బుక్ చదివి స్టార్ట్ నొక్కాడు. ముందు సైరన్ మోగింది. మా ప్లాంటులో సైరన్ ఎక్కడో ఒకచోట ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది కాబట్టి ఆ హెల్పర్ కుర్రాడు తలెత్తి కూడా చూడలేదు.

మర తిరగలేదు. పెద్ద ఫిట్టర్ పని మొదలుపెట్టే ముందే యంత్రం పక్కనున్న, దాని కరెంటు తెంచే ఐసొలేటర్‌ను ఆఫ్ చేసి, దానికి తన సొంత తాళం వేసుకున్నాడు. ఊళ్లో హార్డ్‌వేర్ దుకాణంలో తన డబ్బుతో కొనుక్కున్న తాళం, ఎర్ర పెయింటుతో పేరు రాసుకున్నది. తాళంచెవి అతని జేబులో ఉంది.

మర్నాడు విచారణలో ఆపరేటర్‌ను తప్పుపట్టారు. నేను ఒప్పుకోలేదు. అతను లాగ్ బుక్ చదివాడు, అందులో ఉన్నదాన్ని నమ్మాడు. అతనికి నిజం చెప్పాల్సినవాళ్లు అప్పటికి బస్సులో ఉన్నారు. పది గంటలకు షిఫ్ట్ ముగుస్తుంది, పది గంటలకే బస్సు కదులుతుంది. ఆ బస్సు తప్పితే రాత్రిపూట ఊరికి ఆటో కూడా దొరకదు. అందుకని తొమ్మిది నలభైకే చేతులు కడుక్కుంటారు. అప్పగింత సరిగ్గా చేయమని చెప్పే మనమే, అప్పగింతకు ఒక్క నిమిషం కూడా మిగలకుండా టైమ్ టేబుల్ వేశాం. మనిషి నిర్లక్ష్యం అని రాసేముందు బస్సు వేళ చూడాలి.

ఇది మా ఒక్క ఫ్యాక్టరీ సంగతి కాదు. 1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద జరిగిన ప్రమాదానికీ మూలం ఇలాంటిదే. ఒక పంపు మీద రెండు పర్మిట్లున్నాయి. ఒకటి ఇంకా మొదలుకాని ఓవర్‌హాలింగ్‌ది, ఇంకొకటి సేఫ్టీ వాల్వ్ విప్పిన పనిది. ఆ పని సాయంత్రానికి పూర్తికాకపోవడంతో వాల్వ్ స్థానంలో మూతబిళ్ల పెట్టి వెళ్లిపోయారు. రాత్రి రెండో పంపు ఆగిపోయినప్పుడు షిఫ్టువాళ్లకు ఓవర్‌హాలింగ్ పర్మిట్ కనిపించింది, వాల్వ్ పర్మిట్ సంగతి తెలియలేదు. మొదటి పంపు నడిపారు, ఆ మూతబిళ్ల దగ్గర గ్యాస్ లీకై పేలింది. ఆ ప్రమాదంలో 167 మంది చనిపోయారు. భోపాల్‌లోనూ 1984 డిసెంబరు విషాదానికి కొద్ది రోజుల ముందే ఖర్చు తగ్గించడానికి రాత్రి షిఫ్టులో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ పోస్టు తీసేశారు. అప్పగించడానికి ఒక మనిషి ఉంటే, అందుకోవడానికీ ఒక మనిషి ఉండాలి కదా!

సిమెంటులో ఈ భయం మరీ ఎక్కువయ్యేది ముడిపొడిని వేడిచేసే ప్రీహీటర్ సైక్లోన్ జామ్ అయినప్పుడు. అడుగు సైక్లోన్‌లో పేరుకున్న పొడి 800 డిగ్రీలు దాటి ఉంటుంది. గడ్డ ఊడిందంటే నీళ్లలా ప్రవహిస్తుంది, తెరిచి ఉన్న ఏ కంతలో నుంచైనా బయటికి చిమ్ముతుంది. జామ్ తీయడం ఒక షిఫ్టులో తెమలకపోతే, వచ్చేవాళ్లకు ఏయే కంతలు తెరిచి ఉన్నాయి, గాలి దెబ్బతో గడ్డలు వదలగొట్టే ఏ ఎయిర్ బ్లాస్టర్‌లో గాలి ఖాళీ చేశాం, కింది అంతస్తుల్లో ఎవరున్నారు అన్నవి తెలియాలి. ‘జామ్ తీసే పని జరుగుతోంది’ అన్న ఒక్క వాక్యంలో వీటిలో ఏదీ లేదు. పైగా ఆ వాక్యం రాసేది ఇంగ్లీషులో. రాడ్డు పట్టుకుని పొడిచేవాళ్లలో సగం మందికి తెలుగు కూడా చదవడం రాదు, ఒడియానో హిందీయో వచ్చు.

అందుకే అప్పగింత ఆఫీసులో బల్ల దగ్గర జరగకూడదని పట్టుబట్టాను. వెళ్లేవాడూ వచ్చేవాడూ యంత్రం దగ్గరే నిలబడాలి. విప్పినది చూపించాలి, తాళం చూపించాలి, హెల్పర్‌కు అర్థమయ్యే భాషలో చెప్పాలి. విన్నవాడు తిరిగి చెప్పాలి. “సరే అన్నా, అర్థమైంది” అంటే నేను ఒప్పుకోను. “ఏం అర్థమైందో చెప్పు తమ్ముడూ” అంటాను. కుర్రవాళ్లు మొదట్లో విసుక్కున్నారు. ఇప్పుడు వాళ్లే ఒకరినొకరు అడుగుతున్నారు.

మేనేజ్‌మెంటుతో చాలాకాలం వాదించాక కంపెనీ బస్సు వేళ 10.20కి మారింది. ఆ అదనపు సమయానికి ఓవర్‌టైమ్ లెక్కకట్టడానికీ ఒప్పుకున్నారు. యంత్రం మీద చేయి పెట్టే ప్రతి మనిషికీ సొంత తాళం కంపెనీయే ఇస్తోంది. రెండు విభాగాల పర్మిట్లూ కంట్రోల్ రూములో ఒకే బోర్డుకు, యంత్రం నంబరు వారీగా తగిలిస్తున్నాం. ఒకటి మూసినంత మాత్రాన యంత్రం నడపరు.

కాంట్రాక్టర్ వ్యాను మాత్రం ఇంకా పదింటికే బయలుదేరుతోంది. హెల్పర్లకు ఆ ఇరవై నిమిషాల కూలి ఎవరివ్వాలన్న మాట తేలలేదు. తొట్టిలో చేతులు పెట్టేది వాళ్లే కాబట్టి అప్పగింతలో అందరికంటే ముందు ఉండాల్సిందీ వాళ్లే. ముడిపొడిని కాల్చే కొలిమి (కిల్న్) మరమ్మతుల షట్‌డౌన్ దగ్గరపడుతోంది, బయటి నుంచి ఇంకా చాలామంది కొత్తవాళ్లు వస్తారు. ఆ కూలి సంగతి కాంట్రాక్టు కాగితంలో రాసేదాకా షట్‌డౌన్ పర్మిట్ల మీద సంతకం పెట్టనని పైవాళ్లకు రాసి ఇచ్చాను.