మైనానికి కూలర్, మనకి ఫ్యాను

మే నెలలో బొమ్మల షో అంటే వినడానికి బాగానే ఉంటుంది గానీ, కంచు బొమ్మలు పోసేవాళ్లకి టెన్షన్ ఏప్రిల్‌లోనే మొదలు. ముందు బొమ్మని మైనంతో చేసి, దాని చుట్టూ అచ్చు కట్టి, మైనం కరిగించి తీసేశాక ఆ ఖాళీలో కంచు పోస్తాం మరి. హైదరాబాద్ ఎండకి షెడ్డులో మైనం మెత్తబడి, పొద్దున నిటారుగా నిలబెట్టిన మేక మెడ మధ్యాహ్నానికి పక్కకి వాలిపోతుంది, అందుకే మైనం పనంతా తెల్లవారుజామునే చేసేసి ముక్కలన్నీ కూలర్ ముందు పెట్టేస్తాను. మనుషులకి ఫ్యానే గతి.

ఇక పోత. ఉత్త రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది, తగరం కలిసి కంచు అయితే కాస్త ముందే, కానీ బొమ్మ చెవుల అంచుల దాకా పారాలంటే ఇంకా వేడెక్కాల్సిందే. అచ్చులో చెమ్మ మిగిలితే కరిగిన లోహం ఎగజిమ్ముతుంది కాబట్టి, అచ్చు కాలిందా లేదా అన్న విషయంలో నేను ఎవరి మాటా నమ్మను.

షోలో అందరూ అడిగేది మాత్రం రంగు గురించే. పెయింట్ కాదండీ! బొమ్మని బ్లోటార్చ్‌తో కాల్చి, ఫెర్రిక్ నైట్రేట్ అనే రసాయనం కలిపిన నీళ్లు బ్రష్‌తో అద్దుతుంటే ఆ ఎర్ర గోధుమ రంగు మెల్లగా తేలుతుంది, పైన పల్చగా మైనం పూత. ధర వినగానే "ఫైబర్‌లో అయితే ఎంత?" అనేవాళ్లకి చాయ్ ఇచ్చి పంపించేస్తాను.

పీఠాలకి నల్లరాయి ఇంకా రాలేదు, ఆటో ట్రాలీ అతను ఫోన్ ఎత్తట్లేదు.