పంచ మీది మలుపు

పదకొండు దాటింది. ఈయనా చిన్నోడూ ఎప్పుడో నిద్రపోయారు. నేనూ ల్యాప్‌టాప్ మూసి పడుకున్నాను గానీ, కళ్ళు మూస్తే ఆ పైకప్పే కనిపిస్తోంది. రాస్తే వదులుతుందేమోనని లేచాను.

ఊళ్ళో మా పాత పెంకుటిల్లు పడగొట్టి కొత్తది కట్టించాలనుకుంటున్నాం. అన్నయ్యకీ నాకూ పంచ దగ్గరే, అంటే ఇంటి ముందు వసారా దగ్గరే, కుదరడం లేదు. "వాలుగా స్లాబేసి పైన పెంకులు అంటిద్దాం అమ్మే, చూడ్డానికి పెంకుటిల్లు లాగే ఉంటది" అంటాడు. పాతింటి కప్పు నట్టింటి మీద నిటారుగా దిగి, గోడ దాటగానే కాస్త పడుకుని పంచ మీదికి వచ్చేది. ఆ మలుపు నాకు కావాలి. అది గీసి చూపిస్తే ఒప్పుకుంటాడని సాయంత్రం నుంచి ఇళ్ళు గీసే సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్నాను.

అందులో వాలు చెప్పాలంటే 12 అంగుళాల దూరానికి ఎన్ని అంగుళాలు లేవాలో చెప్పాలి. 6 ఇచ్చాను. ముందు గోడకీ వెనక గోడకీ మధ్య 24 అడుగులు. కొప్పు, అంటే ముందు వాలూ వెనక వాలూ పైన కలిసే గీత, నడిమధ్యన, గోడల మీద 6 అడుగుల ఎత్తున చక్కగా వచ్చింది. ముందు వైపు 3 అనగానే అటు కప్పంతా చదునైపోయి, కొప్పు 4 అడుగులు వెనక్కి జరిగి, ఎత్తు 4 అడుగులకి పడిపోయింది. నేను తగ్గించమన్నది పంచ మీద. అది నట్టింటి మీద కూడా తగ్గించేసింది.

వెతగ్గా వెతగ్గా రెండో వాలు ఇచ్చే చోటు దొరికింది. కింది వాలు ఎంత, పై వాలు ఎంత, చివర నుంచి ఎన్ని అడుగులు లోపలికి వచ్చాక మారాలి. పంచ వెడల్పు 8 అడుగులు కాబట్టి 3, 6, 8 కొట్టాను. మలుపు వచ్చింది. కొప్పు మాత్రం ఈసారి 2 అడుగులు ముందుకొచ్చి కూర్చుంది. ఎందుకో తెలియక రెండు గంటలు కొట్టుకున్నాను. చెరిపాను, మళ్ళీ గీశాను, చిన్నోడు హోంవర్కు పట్టుకొస్తే కసిరాను. పాపం, వాడు పుస్తకం మూసుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంది.

తీరా చూస్తే పంచ స్తంభాల ఎత్తు కూడా వెనక గోడలాగే 8 అడుగులని అది తనంతట తానే తీసుకుంది. పంచ చివర 8 దగ్గర మొదలైన కప్పు ముందు గోడ దగ్గరికి వచ్చేసరికి 10 అయిపోతోంది. వెనక 8, ముందు 10. కొప్పు ముందుకి రాక ఏం చేస్తుంది? మేస్త్రి అయితే ముగ్గు పోయకముందే అడుగుతాడు, "చూరు ఎంత ఎత్తులో ఉండాలమ్మా?" అని. ఆ ఒక్క ప్రశ్న ఇది అడగలేదు.

పంచని 6 అడుగులకి దించాను. కొప్పు మధ్యకి వెళ్ళి నిలబడింది. సంతోషమేసింది.

చూరు బయటికి అడుగున్నర వస్తుంది కాబట్టి దాని అంచు 5 అడుగుల ఏడున్నర అంగుళాల దగ్గర తేలింది. నిజమే, తాత నాటి ఆ పాతింటికి పొడుగువాళ్ళు వంగే వచ్చేవాళ్ళు. పెదనాన్న ఎప్పుడూ ఒకే వాసం కొన పట్టుకుని తల దించేవాడు. అక్కడ చెయ్యి పడీ పడీ కర్ర నున్నగా, నూనె రాసినట్టు నల్లగా ఉండేది. 6 వాలే సాగించి ఉంటే 8 అడుగుల పంచకి 4 అడుగులు దిగిపోయేది కప్పు. అందుకే వాలు పడుకోబెట్టారు. అందం కోసం కాదు.

అక్కడ ఆగకుండా వానాకాలం గుర్తొచ్చింది. మా ఊరి వైపు పెద్ద వానలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. ముసురు పట్టిన రాత్రుళ్ళు నేను పంచలోనే పడుకునేదాన్ని. చూరు అంత కిందికి ఉండబట్టి జల్లు కొట్టేది కాదు. కప్పు మాత్రం కారేది. అమ్మ ఇత్తడి గిన్నె, సత్తు తపేలా, పాలచెంబు, ఇంకా ఏవేవో వరసగా పెట్టేది. ఖాళీ తపేలాలో చుక్క టంగుమనేది. నిండేకొద్దీ చప్పుడు మెత్తబడేది. అమ్మ చీకట్లో ఆ చప్పుడుని బట్టే ఏది నిండిందో కనిపెట్టి, లేచి పారబోసి, తడుముకుంటూ మళ్ళీ అదే చోట పెట్టేది. రాత్రికి ఎన్నిసార్లు లేచేదో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. నాకు అది జోలపాటలా ఉండేది.

గిన్నెలు ఎప్పుడూ ఒకే గీత మీద ఉండేవి. ఇవాళ తెర మీద ఆ మలుపు గీత చూస్తూ ఉంటే తెలిసింది, అది ఇదే. నిటారు వాలు నుంచి తిరిగేచోట పెంకు మీద పెంకు సరిగ్గా ఆనదు, సందు లేస్తుంది. పైగా 3 వాలంటే 14 డిగ్రీలే. బెంగుళూరు పెంకుకి అది చాలదు. నీళ్ళు నెమ్మదిగా జారతాయి, తూర్పుగాలి వాటిని సందులోకి ఎగదోస్తుంది.

నేను అన్నయ్యతో పోట్లాడి మరీ తెచ్చుకుంటున్నది అమ్మకి నిద్ర లేకుండా చేసిన గీతని. రేపు ఆ ఇంట్లో ఉండబోయేదీ అమ్మే.

అయినా పూర్తిగా వదల్లేకపోయాను. గోడలు 9 అడుగులు చేసి, పంచ వాలు 4 చేశాను. పంచ చివర 6 అడుగుల 4 అంగుళాలు వచ్చింది. మలుపు ఉంది, అంత గట్టిగా లేదు. అప్పుడు కూడా పెంకు ఒక్కటే సరిపోదు, మలుపు కింద రేకు పరవాలి. లేదా పంచ వరకు అన్నయ్య అన్నట్టు స్లాబే వేసుకోవాలి. ఆ మాటని ఇన్నాళ్ళూ నేను సరిగ్గా వినలేదు.

ఇంకొకటి ఇప్పుడే తట్టింది. గోడకీ గిన్నెల వరసకీ మధ్య నా చాప పట్టేది. అంటే మలుపు గోడ మీద లేదు, చాప వెడల్పంత ముందుకి ఉంది. నేను కొట్టిన 8 తప్పు. పొద్దున్నే అమ్మకి ఫోన్ చేసి ఆ చాప ఎంత ఉండేదో అడగాలి.