విరిగిన షాఫ్ట్ ముక్కతో నార్మండీకి

ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో రాత్రి ఫెర్రీ ఎక్కబోతుంటే సెక్యూరిటీ అతను మా కారు డిక్కీ తెరిపించాడు. పాత దుప్పటిలో చుట్టిన ఇనుప ముక్క చూసి "ఇదేంటి?" అన్నాడు. "నా లారీ వెనక యాక్సిల్ షాఫ్ట్, చక్రాన్ని తిప్పే కడ్డీ. విరిగింది," అన్నారు మా పక్కింటి పెద్దాయన, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని చెబుతున్నట్టు.

ఆయన లారీ 1943 నాటి జీఎంసీ సీసీకేడబ్ల్యూ. అమెరికా సైన్యం కోసం 5 లక్షలకు పైగా తయారైన రెండున్నర టన్నుల బండి. 1944 ఆగస్టు 25 నుంచి నవంబరు 16 దాకా రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ పేరుతో ఫ్రాన్స్‌లో ముందుకు సాగే సైన్యానికి పెట్రోలు, మందుగుండు మోసినవాటిలో ఎక్కువ ఇవే. అన్ని లక్షల బండ్లుంటే స్పేర్లకేం కొదవ అనుకున్నాను. అక్కడే ఉంది చిక్కు. వీటి యాక్సిళ్లు, అంటే ఇరుసులు, రెండు రకాలు. మధ్యలో గుండ్రంగా ఉబ్బి ఉంటే బాంజో, రెండు సగాలను బోల్టులతో బిగించినట్టుంటే స్ప్లిట్. ఆయనది స్ప్లిట్. మొన్న పోస్టులో తెప్పిస్తే వచ్చింది బాంజోది. అందుకే ఈసారి విరిగిన ముక్కనే వెంట తెచ్చుకున్నాం.

పొద్దున్నే ఫ్రాన్స్ తీరంలోని ఊయిస్ట్రెహాంలో దిగి, కాన్, బేయూ మీదుగా సెంత్-మేర్-ఎగ్లీజ్ చేరాం. 1944లో అక్కడ చిక్కుకుపోయిన సైనికుడి గుర్తుగా చర్చి గోపురానికి వేలాడే పారాచూట్ సైనికుడి బొమ్మకు నేను ఫోటోలు తీస్తుంటే, ఆయన గడియారం చూసుకుంటున్నారు.

జూన్ మొదటి వారం, 1944లో మిత్రసేనలు నార్మండీలో దిగిన రోజు వేడుకలు కదా, ఊరి బయట బురద పొలంలో బల్లలేసి పాత సైనిక సామాను అమ్ముతున్నారు. హెల్మెట్లు, డబ్బాలు, తుప్పు. కొత్తగా పోతపోసి మట్టిలో పొర్లించిన నకిలీలు కూడా ఉంటాయట. ఆయన జేబులో అమెరికా బండ్లకు వాడే ఇంచుల కొలత నట్టు ఒకటి పెట్టుకుని, ఆ సైజు బోల్టు ప్రతిదానికీ తిప్పి చూశారు. ఎక్కకపోతే అది తర్వాతెవరో వేసిన మిల్లీమీటర్ల బోల్టు. నాకు అతిగా అనిపించింది గానీ, పక్కన జీప్ పిచ్చోళ్లతో పోలిస్తే ఈయన నయం. వాళ్లు ఫోర్డ్ జీప్ కోసం తల మీద 'ఎఫ్' అక్షరమున్న బోల్టులే ఏరుకుంటున్నారు!

మధ్యాహ్నానికి ఒక ముసలాయన బల్ల కింద నుంచి గ్రీజు కాగితంలో చుట్టిన షాఫ్ట్ తీశాడు. ఆ ముసలాయనకు ఇంగ్లీషు రాదు, మాకు ఫ్రెంచి రాదు. దుప్పటి విప్పి మా ముక్క పక్కన పెట్టాం. ముగ్గురం వంగి షాఫ్ట్ చివరి పళ్లు లెక్కపెట్టాం. సరిపోయాయి. బేరమంతా వేళ్లతోనే, 120 యూరోలు.

కాగితం మీద ఫ్రెంచిలో చీటీ, 1956. "యుద్ధం నాటిది కాదేమోనండీ," అన్నాను.

"యుద్ధం అయ్యాక ఫ్రెంచి సైన్యం ఇవే లారీలు దశాబ్దాలు నడిపింది. నా బండినీ వాళ్లే విప్పి బిగించారు. గీకి చూస్తే పైన వాళ్ల రంగు, కింద అమెరికా సైన్యపు ఆలివ్ రంగు. ఈ షాఫ్ట్‌కి నా బండిలో ఏం తక్కువ?" అని డబ్బులు తీశారు.

పనైపోయింది, ఇక భోజనానికి వెళ్దామన్నాను. ముందు యాక్సిల్ నుంచి కూడా ఆయిల్ కారుతోందని అప్పుడు చెప్పారు.